పక్కవాద్యంగా పియానో: జాజ్ బ్యాండ్‌లో కీబోర్డు ముందు కూర్చోబోయే వారికి

బెంగళూరులో నా మొదటి జాజ్ సెషన్. రెండో పాట సగంలో ఉండగా బేస్ వాయించే ఆయన వాయించడం ఆపేసి, చేతులు కట్టుకుని నా వైపు చూస్తూ నిలబడ్డాడు. నాకేదో ఛాన్స్ ఇస్తున్నాడనుకుని నేను ఇంకా రెచ్చిపోయి వాయించాను. పాట అయ్యాక దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: "బ్రదర్, నా నోట్లన్నీ నువ్వే వాయించేస్తుంటే ఇక నేనెందుకు?"

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. నేను కీబోర్డు పట్టింది గుంటూరు జిల్లాలో మా ఊరి చర్చిలో. ఆ తర్వాత పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో నాలుగేళ్లు. అక్కడ బేస్ గిటార్ ఉండేది కాదు. ఎడమ చేత్తో బేస్, కుడి చేత్తో కార్డ్, మధ్యలో సందు దొరికితే ఫ్లూట్ బిట్టు, అన్నీ ఒక్కడే. ఎక్కడైనా ఖాళీ వదిలితే కీబోర్డు ఆర్టిస్టు నిద్రపోతున్నాడని స్టేజీ మీదే అనేవాళ్లు. జాజ్‌లో పని దీనికి పూర్తిగా తలకిందులు. ఇక్కడ ఖాళీ వదలడానికే మిమ్మల్ని పిలుస్తారు. ఈ ఒక్క సంగతి ఒంటబట్టడానికి నాకు రెండేళ్లు పట్టింది. మీకు అంత పట్టకూడదనే ఇదంతా రాస్తున్నాను. కీబోర్డు మీద మామూలు మేజర్, మైనర్ కార్డ్స్ వచ్చి ఉంటే చాలు, ఇక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

ముందు మీ పని ఏమిటో తెలియాలి

ట్రంపెట్, శాక్సఫోన్, పియానో, బేస్, డ్రమ్స్ ఉన్న ఐదుగురి బ్యాండ్ అనుకోండి. పాట ఇలా నడుస్తుంది: మొదట అందరూ కలిసి అసలు ట్యూన్ వాయిస్తారు, దీన్ని హెడ్ అంటారు. తర్వాత అవే కార్డ్స్ మీద ఒక్కొక్కరూ మనోధర్మంగా సోలో చేస్తారు. చివరికి మళ్లీ హెడ్. ఎనిమిది నిమిషాల పాటలో పియానో సోలోకి దక్కేది నిమిషంన్నర, మహా అయితే రెండు నిమిషాలు. మిగతా ఆరు నిమిషాలూ మీరు పక్కవాద్యం.

దీన్ని కాంపింగ్ అంటారు. అకంపనీ అన్న మాట అరిగి అరిగి అలా అయింది. మన కచేరీలో వయొలిన్ విద్వాంసుడు గాయకుడి వెనకే నీడలా నడుస్తాడు, పాడిన సంగతినే పట్టుకుని వెళతాడు. జాజ్ పియానిస్టు అలా చేయకూడదు. సోలో చేసేవాడి వరసను అనుకరిస్తే వాడికి చిరాకు. వాడు నిలబడటానికి నేల పరచడం, ఊపిరి తీసుకున్నప్పుడు ఒక మాట అందించడం, మళ్లీ తప్పుకోవడం, ఇదీ పని. హరికథలో వంత పాడేవాడు "ఆహా" అనే చోటు తెలిసినవాడై ఉండాలి కదా, అలాంటిదే.

బ్యాండ్‌ను బట్టి ఈ పని మారుతుంది. బిగ్ బ్యాండ్‌లో పదమూడు, పద్నాలుగు ఊదేవాద్యాలు మోగుతుంటే మీరు నాలుగు నోట్లు వేస్తే చాలు. బ్యాండ్ నడిపిన పియానిస్టు కౌంట్ బేసీ అలాగే బతికాడు, రెండు వేళ్లతో "టింగ్" అంటే ఆర్కెస్ట్రా మొత్తం వాలేది. పియానో, బేస్, డ్రమ్స్ ముగ్గురే ఉన్న ట్రియోలో మీరే గాయకుడు, మీరే పక్కవాద్యం. బిల్ ఎవాన్స్ ట్రియో 1961 జూన్ 25న న్యూయార్క్ జాజ్ క్లబ్ విలేజ్ వాన్‌గార్డ్‌లో వాయించిన రికార్డింగు వినండి. స్కాట్ లఫారో బేస్ ఎక్కడా కింద కూర్చుని తాళం వేయదు, పియానోతో మాటకు మాట చెబుతుంటుంది. పదకొండు రోజుల తర్వాత లఫారో కారు ప్రమాదంలో పోయాడు. ఇక ఒంటరిగా పియానో వాయించాలంటే 1920ల హార్లెమ్‌లో జేమ్స్ పి. జాన్సన్ వాళ్లు వాయించిన స్ట్రైడ్ పద్ధతి ఉంది. ఎడమ చెయ్యి కింద బేస్ నోటు, పైన కార్డ్, మళ్లీ కింద బేస్ అని గెంతుతూ ఉంటుంది. అది వేరే జన్మ పని, ఇక్కడ దాని జోలికి పోను.

మన దేశానికి ఇదేమీ కొత్త కాదు. టెడ్డీ వెదర్‌ఫర్డ్ అనే అమెరికన్ పియానిస్టు 1930ల్లో బొంబాయి తాజ్ హోటల్లో, ఆ తర్వాత కలకత్తాలో బ్యాండ్ నడిపాడు. 1945లో కలకత్తాలోనే కలరాతో చనిపోయాడు.

మొదటి మెట్టు: పియానో ముట్టుకోకుండా వినడం

వినమంటే అందరూ పియానో సోలోలు వింటారు. అది తర్వాత. ముందు వేరేవాళ్లు సోలో చేస్తుండగా వెనక పియానో ఏం చేస్తోందో వినండి. 1955 నుంచి 1958 దాకా ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ బ్యాండ్‌లో ఉన్న రెడ్ గార్లండ్, 1959 నుంచి అక్కడే ఉన్న వింటన్ కెల్లీ, వీళ్లిద్దరూ దీనికి పాఠశాల. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్క కోరస్ తీసుకోండి, అంటే కార్డ్స్ ఒక చుట్టు తిరిగి వచ్చే దాకా. పియానో మోగిన చోటల్లా తొడ మీద ఒక దెబ్బ వేయండి. మొదటిసారి సగం తప్పిపోతాయి. పదోసారికి మీకే తెలుస్తుంది: ఒక బార్‌లో, అంటే నాలుగు బీట్ల ముక్కలో, రెండు దెబ్బలు, తర్వాతి బార్‌లో ఒకటే, ఆ తర్వాత ఏమీ లేదు.

వారం పాటు ఇదొక్కటే చేయండి. విసుగనిపిస్తుంది, కానీ ఆ దెబ్బలు తర్వాత అడగకుండానే చేతుల్లోకి వస్తాయి.

రెండో మెట్టు: స్వింగ్

ఒక బీట్‌ను రెండు నోట్లుగా విడగొడితే జాజ్‌లో అవి సమానంగా రావు. మొదటిది పొడుగు, రెండోది పొట్టి. తిశ్రగతి తెలిసినవాళ్లకు ఇది తేలిక. "తకిట"లో "కి"ని మింగేసి "తా...ట తా...ట" అనండి, దగ్గరికి వచ్చేసినట్టే. అయితే వేగం పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గి నోట్లు సమానం వైపు జరుగుతాయి. బాగా స్పీడు పాటలో కూడా "తా...ట" అని లాగితే గుర్రబ్బండి మోతలా ఉంటుంది.

మెట్రోనోమ్ విషయంలో ఒక కిటుకు. పాట వేగం నిమిషానికి 120 బీట్లు అయితే మెట్రోనోమ్ 60కి పెట్టండి. ఆ టిక్కును ఒకటో బీట్ అనుకోకండి, రెండు, నాలుగు అనుకోండి. "ఒకటి *టిక్* మూడు *టిక్*". మనకు భజనల నుంచి ఒకటి, మూడు మీద చప్పట్లు కొట్టే అలవాటు ఉంటుంది కాబట్టి మొదట్లో టిక్కు మెల్లగా జరిగి ఒకటి మీదకు వచ్చి కూర్చుంటుంది. నాకు నెల రోజులు అదే గోల. నడుస్తూ, ఎడమ కాలు ఒకటి, కుడి కాలు రెండు అనుకుంటూ, కుడి కాలు పడ్డప్పుడు చిటికె వేయడం మొదలుపెట్టాక కుదిరింది.

మూడో మెట్టు: రెండు వేళ్లతో కార్డ్

అసలు సరుకు ఇక్కడుంది, కాస్త నిదానంగా చదవండి. వీలైతే కీబోర్డు ముందు కూర్చుని చదవండి.

జాజ్‌లో కార్డ్స్ ఎక్కువగా నాలుగు నోట్లవి, సెవెంత్ కార్డ్స్. నాలుగూ వాయించక్కర్లేదు. షడ్జమం, అంటే రూట్, బేస్ ఆయన వాయిస్తాడు. పంచమం లేకపోయినా ఎవరికీ లోటు తెలియదు. కార్డ్ ముఖం తెలిసేది గాంధారం, నిషాదం వల్లే. ఈ రెంటితో మూడు ముఖ్యమైన రకాలు పుడతాయి. అంతర గాంధారం, కాకలి నిషాదం అయితే మేజర్ సెవెన్. అంతర గాంధారం, కైశికి నిషాదం అయితే మామూలుగా సెవెన్ అనే డామినెంట్. సాధారణ గాంధారం, కైశికి నిషాదం అయితే మైనర్ సెవెన్. సంగీతం టీచరు దగ్గర చిన్నప్పుడు నేర్చుకున్న స్వరస్థానాలు ఇలా పనికొస్తాయని నేను కలలో కూడా అనుకోలేదు.

ఇప్పుడు జాజ్‌లో అడుగడుగునా ఎదురయ్యే మూడు కార్డ్‌ల వరస వాయిద్దాం: డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్. టూ-ఫైవ్-వన్ అంటారు, ఎందుకంటే సి స్కేల్‌లో ఇవి రెండో, ఐదో, ఒకటో మెట్టు మీద పుట్టిన కార్డ్స్. ఎడమ చేతిని మిడిల్ సి దగ్గరకు తేండి. డి మైనర్ సెవెన్‌కు గాంధారం ఎఫ్, నిషాదం సి. మిడిల్ సి కింద ఉన్న ఎఫ్ చిటికెన వేలితో, మిడిల్ సి బొటనవేలితో నొక్కండి. ఇప్పుడు ఎఫ్ కదపకుండా సి ఒక్కటే పక్కనున్న బి మీదకు దించండి. జి సెవెన్ వచ్చేసింది! ఇప్పుడు బి అలాగే ఉంచి ఎఫ్‌ను ఇ మీదకు దించండి. అది సి మేజర్ సెవెన్. మూడు కార్డ్స్ మారాయి, ప్రతిసారీ ఒక్క వేలే ఒక్క మెట్టు కదిలింది. చర్చిలో నేను ఇదే వరసకు చెయ్యంతా ఎత్తి మూడు చోట్లకు దూకేవాణ్ణి.

ఇంకా సరదా ఐనది ఎఫ్‌లో బ్లూస్, పన్నెండు బార్లకు ఒక చుట్టు తిరిగే పాట. ఎఫ్ సెవెన్‌కు గాంధారం ఎ, నిషాదం ఇ ఫ్లాట్. మిడిల్ సి కింది ఎ, పైనున్న ఇ ఫ్లాట్ పట్టుకోండి. బి ఫ్లాట్ సెవెన్ కావాలంటే ఆ రెండు వేళ్లనూ నల్లవీ తెల్లవీ లెక్కపెట్టి ఒక్క కీ ఎడమకు జరపండి: ఎ ఫ్లాట్, డి. సి సెవెన్ కావాలంటే ఎఫ్ సెవెన్ నుంచి ఒక్క కీ కుడికి: బి ఫ్లాట్, ఇ. సాదా బ్లూస్ మొత్తం ఈ మూడు కార్డ్‌లే. అంటే చెయ్యి ఉన్నచోటే ఉండి అటొక కీ, ఇటొక కీ జరిగితే పన్నెండు బార్లు అయిపోతాయి.

ఈ రెండు వేళ్ల పట్టు ముందు పన్నెండు స్కేళ్లలోనూ రావాలి. రోజుకో స్కేల్ చొప్పున రెండు వారాలు. తొందరపడి తర్వాతి మెట్టు ఎక్కకండి.

నాలుగో మెట్టు: రూట్ లేని నిండు కార్డ్స్

రెండు వేళ్లు కుదిరాక మధ్యలో రంగు నింపాలి. డి మైనర్‌కు ఎఫ్, ఎ, సి, ఇ. ఇందులో డి లేదు, గమనించారా? జి సెవెన్‌కు ఎఫ్, ఎ, బి, ఇ. ఇందులో జి లేదు. సి మేజర్‌కు ఇ, జి, బి, డి. మొదటి రెంటికీ తేడా మళ్లీ ఒక్క వేలే: సి వెళ్లి బి అయింది. 1950ల చివర బిల్ ఎవాన్స్, వింటన్ కెల్లీ వాళ్ల చేతుల్లో ఇవి బాగా స్థిరపడ్డాయి, ఈనాటికీ జాజ్ పియానిస్టుల ఎడమ చెయ్యి అంటే ఇవే.

ఈ కార్డ్స్‌ను మిడిల్ సికి అటూ ఇటూగా ఉంచండి. ఇంకో సప్తకం కిందకు తీసుకెళ్లి వాయించి చూడండి, బురదలో కాలు పడ్డట్టు ఉంటుంది. కిందకు పోయేకొద్దీ దగ్గరదగ్గర నోట్లు చెవికి విడివిడిగా తెలియవు. మరీ కిందకు జారుతోందనిపిస్తే అవే నోట్లను తిరగేసి పట్టుకోండి. సి మేజర్‌కు బి, డి, ఇ, జి కూడా చెల్లుతుంది.

మా బేస్ ఆయన కోపం ఇక్కడ తీరుతుంది. రూట్ మీరు వాయించనప్పుడు ఆయన దాన్ని ఎలాగైనా తిప్పుకోవచ్చు, కార్డ్‌ను కూడా మార్చేయవచ్చు. మీరు కింద బండరాయిలా రూట్ పెట్టి కూర్చుంటే ఆయనకు ఆ స్వేచ్ఛ పోతుంది. పైగా మీ పియానో శ్రుతికీ ఆయన వేలి శ్రుతికీ వెంట్రుకవాసి తేడా ఉన్నా కింద సప్తకంలో అది గుయ్యిమని వినిపిస్తుంది. బేస్ లేని రోజు మాత్రం ఈ కార్డ్స్ గాల్లో వేలాడతాయి, అప్పుడు మళ్లీ రూట్‌తో వాయించుకోండి.

నాలుగో స్వరం దూరాలతో కట్టే కార్డ్స్ కూడా ఒకటి నేర్చుకోండి: డి, జి, సి, ఎఫ్, ఎ. కింది మూడు నోట్లు ఎడమ చేతికి, పై రెండూ కుడి చేతికి. 1959లో వచ్చిన మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ'లోని 'సో వాట్' పాటలో బిల్ ఎవాన్స్ వాయించింది ఇదే ఆకారం. ఆ పాటలో పదహారు బార్లు డి మీద ఖరహరప్రియ, ఎనిమిది బార్లు అర మెట్టు పైన అదే, మళ్లీ ఎనిమిది బార్లు డి. రాగం ఆలాపనకు అలవాటుపడ్డ చెవికి ఇంతకంటే తేలికైన దారి జాజ్‌లో లేదు.

ఐదో మెట్టు: ఎప్పుడు మోగాలి, ఎప్పుడు మూసుకోవాలి

కార్డ్స్ వచ్చాయి కదా అని ప్రతి బీట్ మీదా కొడితే ఎవరూ రెండోసారి పిలవరు. చార్ల్‌స్టన్ అనే లయతో మొదలుపెట్టండి. బార్‌లో ఒకటో బీట్ మీద ఒక దెబ్బ, రెండో బీట్ దాటాక మూడో దానికి ముందు వచ్చే సగంలో ఇంకో దెబ్బ, అంతే. బార్‌లో మిగతాదంతా మౌనం. ఒక పాటంతా దీంతోనే లాగవచ్చు. అలవాటయ్యాక మొదటి దెబ్బను కూడా బీట్‌కు సగం ముందుకు లాగండి. తర్వాతి బార్ కార్డ్ ఈ బార్ చివరే మోగుతుంది, పాట ముందుకు తోసినట్టు నడుస్తుంది. రెడ్ గార్లండ్ ఎడమ చెయ్యి ఎప్పుడూ ఈ సగం బీట్ల మీదే ఉంటుంది.

దెబ్బ పొట్టిగా ఉండాలి. పెడల్ మీద కాలు వేసి కూర్చునే అలవాటు చర్చి నుంచి నాకు వచ్చింది. వర్షిప్ పాటకు అది బాగుంటుంది, ఇక్కడ స్వింగ్‌ను ముంచేస్తుంది. మొదటి ఆరు నెలలు పెడల్ ప్లగ్గు తీసేసి ప్రాక్టీసు చేయడం మేలు. నేను చేశాను.

సోలో ఎవరిదో చూసి మీ వాటా మారాలి. శాక్సఫోన్ గుక్క తిప్పుకోకుండా పరిగెడుతుంటే మీరు తగ్గండి, ఆగి ఊపిరి తీసుకున్నప్పుడు ఒక మాట అందించండి. గాయని పాడుతుంటే ఆమె గొంతు ఉన్న స్థాయిలో కుడి చెయ్యి తిరగకూడదు, ట్యూన్ అసలే వాయించకూడదు. ఆమెకు ట్యూన్ వచ్చు, మీరు గుర్తు చేయక్కర్లేదు. బేస్ సోలోకు బార్‌కు ఒక్క దెబ్బ, అదీ పై సప్తకంలో, మెత్తగా. డ్రమ్స్ సోలోకు చేతులు ఒళ్లో పెట్టుకోండి, కానీ బార్లు లెక్కపెడుతూనే ఉండండి. గిటార్ కూడా ఉన్న బ్యాండ్ అయితే ముందే మాట్లాడుకోండి: ఈ సోలోకు నువ్వు, ఆ సోలోకు నేను. ఇద్దరూ ఒకేసారి కార్డ్స్ వేస్తే ఒకే గుమ్మంలోంచి ఇద్దరు లావుపాటివాళ్లు దూరినట్టే.

పియానో పూర్తిగా ఆగిపోవడాన్ని స్ట్రోలింగ్ అంటారు. థెలోనియస్ మంక్ సోలో చేసేవాళ్లను వదిలేసి పియానో దగ్గర నుంచి లేచి స్టేజీ మీద గుండ్రంగా తిరుగుతూ డాన్స్ చేసేవాడు. మీరు అంత చేయక్కర్లేదు. రెండో కోరస్‌లో ఎనిమిది బార్లు ఊరకే కూర్చుని, తర్వాత మెల్లగా లోపలికి రండి. మీరు తిరిగి వచ్చినప్పుడు సోలో చేసేవాడి ముఖం చూడండి.

తప్పు కార్డ్ పడితే? పియానిస్టు హెర్బీ హాన్‌కాక్ చాలాసార్లు చెప్పిన ముచ్చట ఒకటుంది. 1960ల్లో యూరప్‌లో ఒక కచేరీలో, మైల్స్ డేవిస్ సోలో మంచి పట్టులో ఉండగా పక్కన వాయిస్తున్న హాన్‌కాక్ చెయ్యి పూర్తిగా తప్పు కార్డ్ మీద పడింది. హాన్‌కాక్ చెవులు మూసుకున్నంత పని చేశాడు. మైల్స్ ఒక్క క్షణం ఆగి, ఆ కార్డ్‌ను ఒప్పు చేసే నోట్లు వాయించుకుంటూ వెళ్లిపోయాడు. మన పక్కన అందరూ మైల్స్ డేవిస్‌లు ఉండరు కాబట్టి చేయవలసింది ఒకటే. తప్పు పడ్డ చేతిని భయంతో వెనక్కి లాక్కోకుండా అర మెట్టు పైకో కిందకో జరపండి. ఎక్కువసార్లు సరైన కార్డ్ అక్కడే దొరుకుతుంది, వినేవాళ్లు కావాలనే చేశారనుకుంటారు.

ఆరో మెట్టు: మీరు పాటలో ఎక్కడున్నారు?

జాజ్‌లో సగం పాటలు ముప్ఫై రెండు బార్లవి, ఎ-ఎ-బి-ఎ అనే నిర్మాణంలో ఉంటాయి. ఎనిమిది బార్ల ముక్క రెండుసార్లు, మధ్యలో బ్రిడ్జి అనే వేరే ముక్క, మళ్లీ మొదటి ముక్క. చిక్కేమిటంటే చివరి ఎ తర్వాత కొత్త కోరస్‌లో ఇంకో రెండు ఎలు వస్తాయి. వరసగా మూడు. ఇప్పుడు మోగేది ఎన్నో ఎ? నేను ఒక రాత్రి అందరూ మూడో ఎలో ఉండగా ఒక్కణ్ణే బ్రిడ్జిలోకి వెళ్లిపోయాను. ఎనిమిది బార్లు ఒంటరి ప్రయాణం. ఆ టెన్షన్‌లో చెవులు కూడా పనిచేయవు.

దీనికి మందు: లోపల ట్యూన్ పాడుకుంటూ ఉండటం. అంకెలు లెక్కపెడితే తప్పుతాయి, ట్యూన్ తప్పదు. ఒకవేళ తప్పిపోతే వెంటనే చేతులు ఎత్తేసి బేస్ వినండి. బ్రిడ్జి రాగానే డ్రమ్మర్ ఏదో ఒక గుర్తు ఇస్తాడు, సింబల్ మారుస్తాడు. అక్కడ ఎక్కండి. బస్సు మిస్సైతే వెనక పరిగెత్తకుండా తర్వాతి స్టాపులో ఎక్కినట్టు.

పన్నెండు బార్ల బ్లూస్ ఇంతకంటే చిన్నది కాబట్టి అక్కడే అలవాటు చేసుకోండి. జాజ్ వాళ్లు ఎఫ్‌లో సాధారణంగా నడిపేది ఇలా: ఒకటో బార్ ఎఫ్ సెవెన్, రెండోది బి ఫ్లాట్ సెవెన్, మూడు, నాలుగు ఎఫ్ సెవెన్. ఐదు, ఆరు బి ఫ్లాట్ సెవెన్, ఏడు ఎఫ్ సెవెన్, ఎనిమిది డి సెవెన్. తొమ్మిది జి మైనర్ సెవెన్, పది సి సెవెన్. పదకొండో బార్‌లో ఎఫ్, డి చెరి రెండు బీట్లు, పన్నెండులో జి మైనర్, సి చెరి రెండు బీట్లు. చివరి రెండు బార్లను టర్న్‌అరౌండ్ అంటారు, మళ్లీ మొదటికి తోసేది అదే.

ఏడో మెట్టు: మీ వంతు సోలో

వంతు వచ్చింది కదా అని స్కేళ్లు పైకీ కిందకీ పరిగెత్తించకండి. ముందు కార్డ్ నోట్లతోనే ఒక దారి వేసుకోండి. డి మైనర్ మీద బీట్‌కొకటి చొప్పున డి, ఎఫ్, ఎ, సి. జి సెవెన్ మీద బి, ఎ, జి, ఎఫ్. సి మీద ఇ దగ్గర ఆగండి. వాయించి చూడండి. మూడో మెట్టులో ఎడమ చేతికి నేర్పిన రహస్యమే ఇక్కడ కుడి చేతిలో ఉంది: కార్డ్ మారే చోట సి దిగి బి అయింది, ఎఫ్ దిగి ఇ అయింది. ఎడమ చెయ్యి లేకుండా వాయించినా కార్డ్స్ వినిపిస్తాయి. ఇప్పుడు రెండో బార్‌లో ఎ బదులు ఎ ఫ్లాట్ పెట్టండి. ఒక్క నోటుతో వాసన మారిపోతుంది, పియానిస్టు బడ్ పావెల్ తరం వాళ్ల జాజ్ పద్ధతి బీబాప్ వాసన.

స్కేళ్ల విషయంలో మనకు ఒక అప్పనంగా వచ్చిన ఆస్తి ఉంది. డి మైనర్ మీద ఖరహరప్రియ, జి సెవెన్ మీద హరికాంభోజి, సి మీద శంకరాభరణం. మూడూ అవే తెల్ల కీలు, గ్రహభేదం, అంతే. కానీ ఇక్కడే నేను చాలాకాలం మోసపోయాను. రాగంలో అన్ని స్వరాలూ మనవే, ఎక్కడైనా నిలబడవచ్చు అనుకున్నాను. జాజ్‌లో కింద కార్డ్ క్షణక్షణం మారుతుంటుంది. సి మేజర్ మోగుతుండగా ఎఫ్ మీద నిలబడి చూడండి, కాలి కింద ముల్లులా ఉంటుంది. దాటుతూ పోవచ్చు, నిలబడకూడదు.

పియానో మీద గమకం పలకదు, కీ నొక్కాక నోటు మీ చేతిలో లేదు. కానీ దొంగదారులు ఉన్నాయి. ఇ ఫ్లాట్ నల్ల కీ మీద నుంచి వేలిని ఇ మీదకు జార్చండి, బ్లూస్ గాయకుల గొంతు జీర కాస్త వస్తుంది. పక్కపక్క కీలు రెండూ కలిపి నొక్కి వాటి మధ్య లేని స్వరాన్ని ఊహింపజేయడం మంక్ విద్య.

ఇష్టమైన సోలో ఒకటి తీసుకుని ముందు నోటితో పాడటం నేర్చుకోండి. పాడలేనిది వాయించకండి. మొత్తం సోలో అక్కర్లేదు, ఎనిమిది బార్లు చాలు. అవి వచ్చాక ఇంకో మూడు స్కేళ్లలో వాయించండి. పుస్తకంలో రాసి ఉన్నవి చూసి వాయిస్తే వేళ్లకు వస్తుంది, చెవికి రాదు.

ధైర్యం కోసం ఒక మాట. శాక్సఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్ 1959లో 'జెయంట్ స్టెప్స్' రికార్డు చేసినప్పుడు పియానో మీద టామీ ఫ్లానగన్ ఉన్నాడు. ఆ పాటలో కార్డ్స్ ఊపిరాడనివ్వవు. ఫ్లానగన్ సోలో మధ్యమధ్య ఆగి, తడబడి, చివరికి ఒట్టి కార్డ్స్‌గా మిగిలిపోతుంది. ఆ రికార్డు అలాగే విడుదలైంది. ఇరవై ఏళ్లు దాటాక ఆయనే తన ట్రియోతో ఆ పాటను తీరిగ్గా, హాయిగా వాయించి మళ్లీ రికార్డు చేశాడు. రెండూ ఒకదాని వెంట ఒకటి వినండి.

ట్రాన్స్‌పోజ్ బటన్ మీద టేపు

మా ఊళ్లో కీబోర్డు వాళ్లందరిదీ ఇదే కథ. సి స్కేల్ బాగా వచ్చు, మిగతావన్నీ ట్రాన్స్‌పోజ్ బటన్ చూసుకుంటుంది. ఆ బటన్ మీద టేపు అంటించండి. జామ్ సెషన్‌లో ట్రంపెట్, శాక్సఫోన్ వాళ్ల సౌకర్యం కోసం పాటలు ఎక్కువగా ఎఫ్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్ స్కేళ్లలో నడుస్తాయి. గాయని వస్తే తన గొంతును బట్టి ఏ స్కేలైనా అడగవచ్చు. ఒరిజినల్ పియానో ఎదురైతే బటనే ఉండదు. కార్డ్స్‌ను పేర్లుగా కాకుండా టూ, ఫైవ్, వన్ అని మెట్లుగా గుర్తుంచుకుంటే ఏ స్కేలుకైనా మోసుకుపోవచ్చు.

కొనేటప్పుడు ఎనభై ఎనిమిది బరువైన కీలున్న డిజిటల్ పియానో చూసుకోండి, వందల టోన్లు, రిథమ్‌లు మనకు అనవసరం. బయట దొరికే పియానో మాత్రం ఎలా ఉంటుందో చెప్పలేం. మా సెషన్‌లో ఉన్న దానికి రెండు కీలు నొక్కితే పైకి లేచేవి కావు. కీత్ జారెట్ 1975 జనవరి 24న జర్మనీలోని కొలోన్‌లో ఒంటరిగా కచేరీ చేసినప్పుడు దొరికింది చిన్న, పాడైన పియానో. పైన పీలగా, కింద బలహీనంగా మోగేది. ఆయన ఎక్కువగా మధ్య సప్తకాల్లోనే తిరుగుతూ, ఎడమ చేత్తో ఒకే లయను పదే పదే దంచి గంట పైచిలుకు లాక్కొచ్చాడు. అందుకే ఎక్కడికెళ్లినా మొదలుపెట్టే ముందు రెండు నిమిషాలు అన్ని కీలూ ఒకసారి తడిమి చూడండి. ఏవి చచ్చాయో తెలిస్తే వాటిని తప్పించుకుని వాయించవచ్చు.

సెషన్ రాత్రి

వెళ్లే ముందు చూడకుండా వాయించగలిగే పాటలు ఐదు ఉండాలి: ఎఫ్‌లో ఒక బ్లూస్, 'సో వాట్', 'ఆటమ్ లీవ్స్', ఇంకో రెండు మీ ఇష్టం. ఫోన్ చూస్తూ వాయిస్తే మిగతావాళ్ల కళ్లు చూడలేరు, సైగలన్నీ కళ్లతోనే నడుస్తాయి. ఎవరైనా తల మీద తట్టుకుంటే మళ్లీ హెడ్‌కు వెళుతున్నామని. నాలుగు వేళ్లు చూపిస్తే డ్రమ్స్‌తో నాలుగేసి బార్లు పంచుకోవడం, మన తని ఆవర్తనంలో మృదంగం, ఘటం వంతులు వేసుకున్నట్టు. పిడికిలి చూపిస్తే ముగింపు. వేళ్లు కిందకు చూపిస్తే స్కేల్‌లో అన్ని ఫ్లాట్లని: ఒక వేలు ఎఫ్, రెండు వేళ్లు బి ఫ్లాట్, మూడు ఇ ఫ్లాట్.

పాట మొదలుపెట్టమని సాధారణంగా మీ వైపే చూస్తారు. కంగారు పడకండి. పాట చివరి ఎనిమిది బార్లు మామూలు వేగంలో వాయించి, చివర ఐదో మెట్టు కార్డ్ మీద ఆగి, మిగతావాళ్లు దూకడానికి చోటు వదలండి. వేగం మీరే నిర్ణయిస్తున్నారని మర్చిపోకండి. టెన్షన్‌లో అందరం ఎక్కువ స్పీడు పెడతాం, కాబట్టి మనసులో హెడ్ రెండు బార్లు పాడుకున్నాకే వేళ్లు దించండి.

ముగింపు తడబడే చోటు. ఎక్కువమంది చివరి నాలుగు బార్లు మూడుసార్లు తిప్పి ఆపుతారు, దాన్ని ట్యాగ్ అంటారు. రెండోసారి దాటాక తల ఎత్తి బేస్ ఆయన వైపు, డ్రమ్మర్ వైపు చూడండి. ముగ్గురి కళ్లూ కలిస్తే ఆఖరి కార్డ్ ఒక్కసారే పడుతుంది. ఇన్నాళ్లూ వద్దన్న పెడల్ ఇప్పుడు నొక్కండి, డ్రమ్మర్ సింబల్ మోత పూర్తిగా ఆరిపోయే దాకా కాలు తీయకండి.